ఎంట్రెన్స్ పరీక్షలు: టెన్త్ సెలవుల్లోనే తేల్చుకోవాల్సిన సంగతులు

2025 క్యాలెండర్ ఒకసారి చూడండి. తెలంగాణలో ఇంటర్ పబ్లిక్ పరీక్షలు మార్చి 5న మొదలై 25న ముగిశాయి. ఏప్రిల్ 2 నుంచి జేఈఈ మెయిన్ రెండో సెషన్. ఏప్రిల్ 29, 30 తేదీల్లో ఈఏపీసెట్ అగ్రికల్చర్, ఫార్మసీ పరీక్ష. మే 2 నుంచి 4 వరకు ఇంజినీరింగ్ పరీక్ష. మే 4నే నీట్. అంటే ఇంటర్ చివరి పేపర్ రాసి బయటికొచ్చిన పిల్లవాడికి జేఈఈకి మిగిలింది వారం రోజులు, ఎంసెట్‌కి (పేరు మారినా మన ఇళ్లల్లో ఇంకా ఎంసెట్ అనే అంటాం) నెల పై చిల్లర. ఆ నెలలో కొత్తగా నేర్చుకునేది ఏమీ ఉండదు. ముందు నేర్చుకున్నదాన్ని తిరగేయడానికే అది సరిపోతుంది.

అయినా మన బస్తీల్లో చాలా ఇళ్లలో వినిపించే మాట ఒకటే: "ముందు ఇంటర్ పాస్ కానీ, తర్వాత క్రాష్ కోర్సులో వేద్దాం." ఈ ఆలోచనతోనే చాలామంది తెలివైన పిల్లలు వెనకబడిపోతున్నారు. ఇంకొందరైతే ర్యాంకు తెచ్చుకుని కూడా కౌన్సెలింగ్ టేబుల్ దగ్గర ఆగిపోతున్నారు. కారణం ఫిజిక్సూ కాదు, మ్యాథ్సూ కాదు. ఎక్కడ చదివారు, ఏ మీడియం ఎంచుకున్నారు, మెమోలో పేరు ఎలా ఉంది అన్నవే కారణాలు. వీటిలో చాలావాటిని టెన్త్ పరీక్షలయ్యాక వచ్చే రెండు నెలల సెలవుల్లోనే తేల్చుకోవచ్చు.

ఎక్కడ చదివించాలి?

అందరూ మొదట కోచింగ్ గురించే అడుగుతారు. దానికంటే ముందు అడగాల్సింది లోకల్ స్టేటస్ గురించి.

తెలంగాణలో మెడికల్ సీట్లకు 2024లో ప్రభుత్వం జీవో 33 తెచ్చింది. 9వ తరగతి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం వరకు వరుసగా 4 ఏళ్లు రాష్ట్రంలోనే చదివినవారే లోకల్ అన్నది దాని సారాంశం. దానిమీద కోర్టుల్లో చాలా వాదనలు జరిగాయి. చివరికి 2025 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ నిబంధనను సమర్థించింది. బయట పనిచేసే రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల పిల్లల్లాంటి కొందరికి మాత్రం మినహాయింపు ఉంది.

ఇది మన కుటుంబాలకు ఎందుకు ముఖ్యమంటే, మనలో చాలామంది పిల్లల్ని నీట్ కోసం బీదర్‌కో, రాజస్థాన్‌లోని కోటాకో పంపిస్తారు. అక్కడి చదువు బాగుండొచ్చు, వాతావరణం నచ్చొచ్చు, అది వేరే విషయం. కానీ అక్కడే పీయూసీలోనో, పన్నెండులోనో పేరు రాయిస్తే, నీట్‌లో మంచి మార్కులు వచ్చినా తెలంగాణ కోటాలో బిడ్డ నాన్‌లోకల్ అయిపోతాడు. గల్ఫ్‌లో పనిచేసే అబ్బా దగ్గర పదో తరగతి దాకా చదివి ఇంటర్‌కి హైదరాబాద్ వచ్చిన పిల్లలకూ ఇదే చిక్కు. హిఫ్జ్ కోసం వేరే రాష్ట్రంలో మదర్సాలో ఉండి, తర్వాత టెన్త్ ప్రైవేటుగా రాసిన పిల్లల విషయంలోనైతే ఏ ఏడాది ఎక్కడ చదివాడో చూపించే కాగితం ఉందో లేదో ముందే చూసుకోవాలి. రాష్ట్రం బయట కోచింగే కావాలనుకుంటే లాంగ్ టర్మ్ తీసుకోవచ్చు. అంటే ఇంటర్ ఇక్కడే పూర్తి చేసి తర్వాత వెళ్లడం. స్టడీ సర్టిఫికెట్లు చెడకుండా ఉండే దారి అదే.

ఇంజినీరింగ్‌లో కొంత వెసులుబాటు ఉంది. కన్వీనర్ సీట్లలో 85 శాతం లోకల్ వారికి, 15 శాతం అన్‌రిజర్వుడ్. 2025 నుంచి ఈ 15 శాతం కూడా తెలంగాణతో సంబంధం ఉన్నవారికే పరిమితమైంది. చదువు బయట జరిగినా, తల్లిదండ్రులు రాష్ట్రంలో 10 ఏళ్లు నివసించినట్టు చూపగలిగితే ఇందులో పోటీ పడొచ్చు. సీట్లు తక్కువ కాబట్టి పోటీ గట్టిగానే ఉంటుంది.

ఇక కోచింగ్ విషయం. లక్షలు పోసి కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో వేస్తేనే ర్యాంకు వస్తుందని మేం అనుకోం. 2016లో మొదలైన మైనారిటీ గురుకులాలు రాష్ట్రంలో 204 ఉన్నాయి, వాటిలో జూనియర్ కాలేజీలూ నడుస్తున్నాయి. చదువు, హాస్టల్, భోజనం ఉచితం. టెన్త్ అవ్వగానే అక్కడ అడిగి చూడకుండా అప్పు చేసి ప్రైవేటులో చేర్చే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. ఇంట్లోంచే చదివే అమ్మాయిలకు టీ-శాట్ పాఠాలు, ఐఐటీ కాన్పూర్ నడిపే 'సాథీ' పోర్టల్ పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. ఫోన్ ఎవరి చేతిలో, ఏ గంటలో ఉండాలన్నది ఇంట్లోవాళ్లు కూర్చుని మాట్లాడుకోవాల్సిందే. అన్న చేతిలో ఫోన్ ఉంటే చెల్లి పాఠం వినలేదు కదా!

పేపర్ ఒక్కోటి ఒక్కో రకం

మూడు పరీక్షలకూ సిలబస్ దాదాపు ఒకటే అంటారు. పుస్తకం వరకు నిజమే. రాసే తీరు మాత్రం పూర్తిగా వేరు.

ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలకు 180 నిమిషాలు. ఇంజినీరింగ్ వారికి మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. సగం పేపర్ మ్యాథ్సే! ఒక్కో ప్రశ్నకు 68 సెకన్లు కూడా సరిగా రావు. ఇంటర్‌లో ఏడు మార్కుల లెక్కను పేజీన్నర రాసే అలవాటున్నవాడు ఇక్కడ తొంభయ్యో ప్రశ్న దగ్గర ఉండగానే టైం అయిపోతుంది. నెగటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలకూడదు. తెలియని 40 ప్రశ్నలకు ఊరికే ఏదో ఒకటి నొక్కినా సగటున 10 మార్కులు రావాలి. ఈఏపీసెట్‌లో 10 మార్కుల తేడా వేల ర్యాంకుల తేడా అవుతుంది. అర్హత మార్కు 25 శాతం, అంటే 40. ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీస మార్కు లేదు.

జేఈఈ మెయిన్‌లో 75 ప్రశ్నలు, 300 మార్కులు, మూడు సబ్జెక్టులకూ సమాన వాటా. ప్రశ్నలు తక్కువ, లోతు ఎక్కువ. ఎంసెట్ వేగం ఇక్కడ పనికిరాదు. జనవరి, ఏప్రిల్ రెండు సెషన్లూ రాస్తే మెరుగైన స్కోరునే లెక్కలోకి తీసుకుంటారు. జనవరికి ఇంకా సిలబస్ అవలేదని మొదటి సెషన్ మానేసే పిల్లలున్నారు. అది పొరపాటు. కంప్యూటర్ ముందు మూడు గంటలు కూర్చునే అసలు అనుభవం ఆ ఫీజుకే వస్తుంది.

నీట్ సంగతి వేరు. 2025లో ఐచ్ఛిక ప్రశ్నలు తీసేసి 180 ప్రశ్నలు, 180 నిమిషాలు చేశారు. ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45, బయాలజీ 90. తప్పుకు ఒక మార్కు కోత, ఒప్పుకు నాలుగు. "తెలియకపోతే వదిలెయ్" అని సార్లు చెబుతుంటారు. లెక్క వేసి చూస్తే అది పూర్తి నిజం కాదు. నాలుగు ఆప్షన్లలో రెండు ఖచ్చితంగా తప్పని తెలిస్తే, మిగిలిన రెండింట్లో ఒకటి పెట్టడం వల్ల సగటున ప్రశ్నకు ఒకటిన్నర మార్కు లాభమే. ఒక్క ఆప్షన్ కూడా కొట్టేయలేకపోతే మాత్రం లాభం పావు మార్కే, దానికోసం రిస్క్ ఎందుకు? బయాలజీకి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకమే ఆధారం. అందులోని బొమ్మల కింద ఉండే చిన్న అక్షరాలు కూడా వదలొద్దు.

ఇంటర్ మార్కుల గురించి ఒక మాట. తెలంగాణలో ఈఏపీసెట్ ర్యాంకుకు ఇంటర్ మార్కుల 25 శాతం వెయిటేజీని 2023లో పూర్తిగా తీసేశారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ వెయిటేజీ ఉంది. కాబట్టి కర్నూలులో, గుంటూరులో ఉన్న బంధువుల పిల్లలకు ఇక్కడి సలహా ఇవ్వకండి. తెలంగాణలో వెయిటేజీ పోయింది కదా అని ఇంటర్‌ను తేలిగ్గా తీసుకోకూడదు. ఈఏపీసెట్ సీటుకు గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం (రిజర్వేషన్ ఉన్నవారికి 40), ఎన్ఐటీలకు, ఐఐటీలకు 75 శాతం లేదా బోర్డులో టాప్ 20 పర్సంటైల్ ఉండాలి.

మొదటి సంవత్సరం పాఠాలు సరిగా చదవకుండా రెండో సంవత్సరానికి వెళ్లిన పిల్లలే ఎక్కువ కష్టపడతారు. ప్రశ్నలు రెండు సంవత్సరాల సిలబస్ నుంచీ వస్తాయి. ఫస్టియర్‌లో వెక్టర్లు, ట్రిగొనోమెట్రీ వదిలేసినవాడికి సెకండియర్ ఫిజిక్స్ కూడా అర్థం కాదు. అందుకే మేం చెప్పేది ఇదే: ఫస్టియర్‌లో వారానికి ఒక రోజు, శుక్రవారం సాయంత్రమో, ఆదివారమో, ఆ వారం చదివిన పాఠం మీద గడియారం పెట్టుకుని 30 ప్రశ్నలు చేయించండి. తప్పులన్నీ వేరే నోటుబుక్కులో రాయాలి. సెకండియర్ చివర్లో ఆ నోటుబుక్కే అన్నింటికంటే మంచి గైడు. పాత ప్రశ్నపత్రాలు, కీలు ఎన్టీఏ వెబ్‌సైట్‌లో, ఈఏపీసెట్ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంటాయి. మాక్ టెస్ట్ లింకూ అక్కడే. ఇంట్లో కంప్యూటర్ లేకపోతే కనీసం రెండు మూడుసార్లు నెట్ సెంటర్‌కి వెళ్లయినా మౌస్‌తో పరీక్ష రాసి చూడాలి. ఫోన్ మీద వేలితో నొక్కడానికీ, దానికీ తేడా ఉంది.

ఉర్దూ మీడియం పిల్లలకు

ఈ భాగం కాస్త నిదానంగా చదవండి. దీని గురించి ఇంకెవరూ పెద్దగా రాయరు.

నీట్‌లో ఉర్దూ 2018 నుంచి ఉంది. అంతకుముందు ఏడాది విద్యార్థి సంఘం ఎస్ఐఓ వేసిన పిటిషన్‌పై సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం వల్ల అది వచ్చింది. ఇప్పుడు నీట్, జేఈఈ మెయిన్ రెండూ తెలుగు, ఉర్దూ సహా 13 భాషల్లో ఉంటాయి. తెలంగాణ ఈఏపీసెట్‌లో ఇంగ్లిష్‌తో పాటు తెలుగు లేదా ఉర్దూ ఎంచుకోవచ్చు. అయితే ఉర్దూ వెర్షన్ అన్ని సెంటర్లలో ఉండదు, దరఖాస్తు చేసేటప్పుడే బుక్‌లెట్‌లో చూసుకోవాలి.

ఉర్దూ ఎంచుకుంటే నష్టమా? కాదు. పేపర్ రెండు భాషల్లో కనిపిస్తుంది, ఇంగ్లిష్ ఎక్కడికీ పోదు. ఇంగ్లిష్ మాత్రమే ఎంచుకున్నవాడికి ఇంగ్లిషే కనిపిస్తుంది. కాబట్టి ఉర్దూ మీడియంలో చదివిన బిడ్డ సిగ్గుపడి ఇంగ్లిష్ ఒక్కటే టిక్ చేయాల్సిన పని లేదు. అనువాదంలో తేడా వస్తే మాత్రం ఇంగ్లిష్ వెర్షనే చెల్లుతుంది. పైగా జేఈఈ అడ్వాన్స్‌డ్ ఇంగ్లిష్, హిందీల్లో మాత్రమే ఉంటుంది. అక్కడిదాకా వెళ్లాలనుకునేవారికి ఇంగ్లిష్ పదాలు తప్పవు.

అసలు ఇబ్బంది పదాల దగ్గరే. 'ఇస్రా' అని చదివిన పిల్లవాడికి యాక్సిలరేషన్ కనిపిస్తే ఒక క్షణం ఆగుతాడు. పక్కనున్న తెలుగు మీడియం పిల్ల 'త్వరణం' దగ్గర అలాగే ఆగుతుంది. ఖలియా, కణం, సెల్ ఒకటే. జియాయీ తాలీఫ్, కిరణజన్య సంయోగక్రియ, ఫొటోసింథసిస్ ఒకటే. తకమ్మల్, సమాకలనం, ఇంటిగ్రేషన్ ఒకటే. విషయం తెలిసి కూడా పదం దగ్గర ఐదు సెకన్లు పోతే, 160 ప్రశ్నల్లో పది పన్నెండు నిమిషాలు ఎగిరిపోతాయి. దీనికి మందు చాలా చవక. ఫస్టియర్ మొదటి రోజు నుంచే ఒక పొడవు పుస్తకంలో మూడు వరుసలు గీసి, ఒకవైపు ఉర్దూ, మధ్యలో ఇంగ్లిష్, ఇంకోవైపు తెలుగు రాసుకోవాలి. రోజుకు ఐదు పదాలు చాలు. తెలుగు వరుస ఎందుకంటారా? టీ-శాట్ పాఠాలు చాలావరకు తెలుగులోనే చెబుతారు, కాలేజీలో లెక్చరర్ తెలుగూ ఇంగ్లిషూ కలిపే మాట్లాడతారు. మూడు వరుసలూ వచ్చినవాడికి ఏ క్లాసులో కూర్చున్నా పాఠం అర్థమవుతుంది.

కాగితాల సంగతి

పిల్లల చదువు పిల్లలే చదవాలి. కాగితాలు మాత్రం తల్లిదండ్రుల పని.

మొదటిది పేరు. మన పేర్లకు స్పెల్లింగులు ఎన్నో మీకు తెలుసు. ఒకే మనిషి ఆధార్‌లో మొహమ్మద్, టెన్త్ మెమోలో ఎండీ, బీసీ సర్టిఫికెట్‌లో మహమ్మద్. షేక్ ఒకచోట ముందు, ఇంకోచోట వెనక, మూడోచోట ఎస్.కె. తల్లి పేరు ఒకచోట బేగం, ఇంకోచోట సుల్తానా. ఎంట్రెన్స్ దరఖాస్తులు టెన్త్ మెమోను బట్టి నింపుతారు, పోల్చి చూసేది ఆధార్‌తో. మెమోలో తప్పుంటే స్కూల్ హెడ్‌మాస్టర్ ద్వారా సవరణకు పెట్టాలి, దానికి నెలలు పడుతుంది. అందుకే టెన్త్ నామినల్ రోల్స్ వెళ్లే ముందే స్పెల్లింగ్ చూసుకోవడం అన్నిటికంటే సులువు. అది దాటిపోతే, మెమో ఎలా ఉందో ఆధార్‌ను అలా మార్పించుకోండి.

రెండోది బీసీ-ఈ. 2007 చట్టం ప్రకారం వెనకబడిన 14 ముస్లిం వర్గాలకు చదువులో, ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉంది. 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగుతోంది. సయ్యద్, మొఘల్, పఠాన్ వంటి కొన్ని వర్గాలకు ఇది వర్తించదు. దూదేకుల వారు బీసీ-బీలో ఉన్నారు. ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. బీసీ-ఈ అన్నది రాష్ట్ర జాబితా. నీట్ ఆలిండియా కోటా, ఎన్ఐటీలు, సెంట్రల్ యూనివర్సిటీలు చూసేది కేంద్ర ఓబీసీ జాబితాను. రాష్ట్ర జాబితాలో ఉన్న వర్గం అక్కడా ఉండాలని లేదు. జేఈఈ, నీట్ ఫారంలో ఓబీసీ టిక్ చేసే ముందు జాతీయ బీసీ కమిషన్ వెబ్‌సైట్‌లో మీ వర్గం పేరు చూసుకోండి. అక్కడ లేకపోతే, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండి, ఆస్తుల షరతులు సరిపోతే, కేంద్ర సంస్థల సీట్లకు ఈడబ్ల్యూఎస్ కింద ప్రయత్నించవచ్చు. తప్పు కేటగిరీ టిక్ చేసి, కౌన్సెలింగ్‌లో సర్టిఫికెట్ చూపలేకపోతే ఆ సీటు చేజారుతుంది.

మూడోది ఆదాయ సర్టిఫికెట్. తెలంగాణలో మైనారిటీ ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఆదాయ పరిమితి గ్రామాల్లో ఏటా లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. మీసేవలో మే, జూన్ నెలల్లో ఎంత రద్దీ ఉంటుందో చెప్పక్కర్లేదు. ఇంకో నిజం కూడా చెప్పాలి. ఈ డబ్బు ప్రభుత్వం నుంచి కాలేజీలకు ఆలస్యంగా వస్తోంది, కొన్ని కాలేజీలు ముందు ఫీజు కట్టమని పిల్లల్ని అడుగుతున్నాయి. సీటు వచ్చిందన్న సంతోషంలో ఈ లెక్క మరిచిపోవద్దు. చేరే ముందే కాలేజీలో అడగండి.

"మైనారిటీ కాలేజీలో ఎలాగూ దొరుకుతుంది"

ఈ మాట వింటే బాధేస్తుంది. దీని వెనక ఒక నిబంధన ఉంది. ముస్లిం మైనారిటీ ఇంజినీరింగ్ కాలేజీల్లో ఈఏపీసెట్ అర్హత పొందిన మైనారిటీ విద్యార్థులందరికీ ఇచ్చాక కూడా సీట్లు మిగిలితే, అర్హత రానివారికీ, అసలు రాయనివారికీ ఇంటర్ మార్కుల ఆధారంగా ఇవ్వొచ్చు. కష్టకాలంలో ఇది ఆసరానే. ఎవరికైనా నిజంగా అనారోగ్యం వల్ల పరీక్ష పోతే ఈ దారి వాడుకోవాలి.

కానీ దీన్నే ప్లాన్‌గా పెట్టుకుంటే ఏమవుతుంది? మిగిలే సీట్లు ఎవరూ కోరుకోని కాలేజీలో, ఎవరూ కోరుకోని బ్రాంచిలో ఉంటాయి. మఫ్ఫఖంజా, డెక్కన్ వంటి పేరున్న మైనారిటీ కాలేజీల్లో కంప్యూటర్ సైన్స్ సీటు ర్యాంకు ఉన్నవాడికే దక్కుతుంది. అంతేకాదు, ఆ ర్యాంకుతో ఉస్మానియా, జేఎన్‌టీయూ కాలేజీల తలుపు కూడా తట్టొచ్చు. ఆ అవకాశాన్ని పదిహేడేళ్ల బిడ్డకు మనమే మూసేయడం ఎంతవరకు న్యాయం?

ఇంజినీరింగ్, మెడిసిన్ వద్దనుకునే పిల్లలకు సీయూఈటీ ఉంది. ఉర్దూలోనూ రాయొచ్చు, సెంట్రల్ యూనివర్సిటీల్లో ఫీజు తక్కువ. న్యాయవాది కావాలనుకుంటే ఐదేళ్ల లాసెట్, క్లాట్ ఉన్నాయి. టీచర్ కావాలంటే డీఈఈసెట్ ఉర్దూ మీడియంలోనూ ఉంది.

రంజాన్, పరీక్షలు

2025లో ఇంటర్ పరీక్షలు రంజాన్‌లోనే వచ్చాయి. 2026లో ఫిబ్రవరి 25న మొదలైనవీ అంతే. రంజాన్ ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి వచ్చే ఏళ్లలో ప్రాక్టికల్స్ మీదికి, తర్వాత జేఈఈ జనవరి సెషన్ మీదికి వస్తుంది. ఈ రోజు తొమ్మిదో తరగతి చదివే పిల్లల టైమ్ టేబుల్ వేసేటప్పుడు ఇది గుర్తుండాలి. సహరీ తర్వాత రెండు గంటలు కొత్త పాఠానికి, మధ్యాహ్నం రివిజన్‌కి, తరావీహ్ అయ్యాక నిద్రకి అన్నట్టు ముందే పెట్టుకుంటే తేలిక. మాక్ టెస్టులు కొన్ని రోజాతోనే రాయించి చూడండి. ఇఫ్తార్ విందులకు ఆ ఒక్క ఏడాది పరీక్ష రాసే బిడ్డను వదిలేయమని బంధువులకు చెప్పడం అమ్మీ బాధ్యత!

పరీక్ష రోజు గురించి రెండు మూడు విషయాలు. హిజాబ్, బుర్ఖా వంటి సంప్రదాయ దుస్తుల్లో నీట్‌కి రావొచ్చు, కానీ చెకింగ్ ఉంటుంది కాబట్టి అందరికంటే చాలా ముందే సెంటర్‌కి చేరుకోవాలి. ఈఏపీసెట్‌కి నిమిషం ఆలస్యమైనా లోపలికి పంపరు, ముందురోజే సెంటర్ చూసి రండి. ఇంకొకటి, చిన్నదే కానీ ప్రతి ఏడాదీ ఆడపిల్లలు ఏడ్చేది. 2025లో ఈద్ మార్చి 31న, జేఈఈ ఏప్రిల్ 2న వచ్చాయి. వేలిముద్రలతో బయోమెట్రిక్ తీసుకుంటారు కాబట్టి చేతులకు మెహందీ పెట్టుకోవద్దని ఈఏపీసెట్ సూచనల్లో రాసే ఉంటుంది. పండక్కి పెట్టుకోవాలని మనసు పడితే వేళ్ల కొసలు వదిలి పెట్టించండి.